ఫ్రీ డెలివరీ అని ఉంటే బిల్లు ఎలా చదవాలి

ధర పక్కన "ఫ్రీ డెలివరీ" అన్న పచ్చ పట్టీ కనిపించగానే మన కళ్లు ధరను వదిలేసి దాని మీదికి పోతాయి. దాన్ని అక్కడ పెట్టిందే అందుకు. నేను బెంగళూరు చిక్‌పేటలో ఒక బట్టల అంగడిలో లెక్కలు రాస్తాను. మా అంగడి దుప్పట్లు, టవళ్లు, రజాయిలు కౌంటరు మీదా అమ్ముతుంది, ఆన్‌లైన్‌లోనూ అమ్ముతుంది. ప్రతి నెలా కొరియర్ బిల్లు సరిచూసేది నేనే. కాబట్టి ఒక పార్శిల్ కొన్నవాళ్ల గడప దాకా చేరడానికి ఎంత అవుతుందో, ఆ ఖర్చు చివరికి ఎవరి మీద పడుతుందో నాకు బాగా తెలుసు.

మేముండే రామమూర్తినగర్‌లో హిందూపురం, మదనపల్లె, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. పీజీల్లో ఉండే పిల్లలు, పెన్షన్ మీద నెల గడిపే పెద్దవాళ్లు కూడా ఇప్పుడు కొత్తిమీర కట్ట దగ్గర నుంచి ఫోన్‌లోనే తెప్పిస్తున్నారు. వాళ్ల బిల్లులు చూసినప్పుడల్లా నాకు మనసుకి కష్టంగా ఉంటుంది. ఒక్కో బిల్లులో పోయేది ముప్పయ్యో యాభయ్యో. నెల మొత్తం కూడితే గ్యాస్ సిలిండర్ ఖర్చు దాటిపోయే ఇళ్లున్నాయి. అందుకే నేను బిల్లు చదివే పద్ధతి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ముందు పార్శిల్ ఖర్చు అర్థం చేసుకోండి

కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడూ గుణించి, చాలా కంపెనీలు 5000తో భాగిస్తాయి. వచ్చిన అంకె, అసలు తూకం, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటాయి. మా అంగడి రజాయి తూకం రెండున్నర కేజీలే. దాని పెట్టె 45, 35, 25 సెంటీమీటర్లు. లెక్క కడితే 7.9 కేజీలకు దగ్గరగా వస్తుంది. కొన్నవాళ్లు తీసుకోకుండా వెనక్కి పంపితే పోను ఖర్చుతో పాటు రాను ఖర్చు కూడా అమ్మేవాళ్లే కట్టుకోవాలి. ప్యాకింగ్ కవరు, టేపు, ప్యాక్ చేసే మనిషి జీతం, ఆన్‌లైన్ కంపెనీ తీసుకునే కమీషన్ వీటికి అదనం.

ఇంత ఖర్చును ఏ వ్యాపారీ సొంత జేబులోంచి పెట్టుకుని ఎక్కువ రోజులు నిలబడలేడు. కొత్తగా వచ్చిన యాప్ జనాన్ని అలవాటు చేసుకోవడానికి కొన్నాళ్లు నష్టం భరిస్తుంది, అంతే. మిగతావాళ్లంతా దాన్ని ధరలో కలుపుతారు, లేదా వేరే పేరుతో బిల్లులో రాస్తారు, లేదా మనం ఎక్కువ కొనేలా చేసి రాబట్టుకుంటారు. ఈ మూడింటిలో ఏది జరుగుతోందో కనిపెట్టడమే మన పని.

ధరలో కలపడం తప్పని నేను అనను. ఇంటికి తెచ్చివ్వడం నిజమైన పని, దానికి డబ్బు ఇవ్వాల్సిందే. ధరలో కలిపి, ఉచితం అని రాయడం దగ్గరే నాకు అభ్యంతరం. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూన్‌లో తెచ్చిన ప్రకటనల మార్గదర్శకాల్లో ఈ సంగతి ఉంది. ఉచితం పొందడానికి కొనాల్సిన వస్తువు ధరను ఆ ఉచితం కోసమే పెంచితే, దాన్ని ఉచితం అని ప్రచారం చేయకూడదు. ప్యాకింగ్‌కో హ్యాండ్లింగ్‌కో (సరుకు తీసి సర్దే పనికో) డబ్బు తీసుకుంటూ ఉచితం అనడం కూడా కుదరదు. ఈ కాగితం చూపించి మా యజమానితో మాట్లాడాను. ఇప్పుడు మా పేజీలో "డెలివరీ ఖర్చు ధరలోనే కలిసి ఉంది" అని రాస్తున్నాం. అలా రాసినందుకు అమ్మకాలేమీ పడిపోలేదు.

మీరు చేయాల్సింది ఇది. ఒకే వస్తువు ఇద్దరు ముగ్గురు అమ్మేవాళ్ల దగ్గర వెతకండి. ఒకరు 349 చెప్పి డెలివరీ 49 అంటారు. ఇంకొకరు 429, డెలివరీ ఫ్రీ అంటారు. మొదటిది 398, రెండోది 429. ఫ్రీ అన్నదే 31 రూపాయలు ఎక్కువ. యాప్‌లో "ఫ్రీ డెలివరీ" అన్న ఫిల్టర్ నొక్కితే మొదటి అమ్మకందారు అసలు కనిపించడు. అందుకని ఆ ఫిల్టర్ తీసేసి వెతకండి. ఇంకొక మాట, ఎమ్మార్పీ కొట్టేసి పక్కన చూపించే తగ్గింపు శాతాన్ని లెక్కలోకి తీసుకోకండి. చిక్‌పేట కౌంటరు మీద ఏ వస్తువూ ఎమ్మార్పీకి అమ్ముడుపోగా నేను చూడలేదు.

"ఇంకో 60 రూపాయలు వేస్తే ఫ్రీ"

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మా చిన్నమ్మ కొడుకు మారతహళ్లిలో పీజీలో ఉంటాడు. మా ఇంటికి వచ్చినప్పుడు ఫోన్ చూపించి, "అక్కా, ఇంకో 60 రూపాయలు వేస్తే డెలివరీ ఫ్రీ అంట, ఏం వేయమంటావ్?" అన్నాడు.

"నీకు కావలసినవి అన్నీ వేసేశావా?"

"వేసేశాను."

"అయితే ఇంకేం వేయొద్దురా. డెలివరీ ఎంత?"

"25."

25 తప్పించుకోవడానికి 60 పెట్టబోయాడు. చదువుకున్న పిల్లవాడే, లెక్క రాక కాదు. ఫ్రీ డెలివరీకి ఇంకెంత కావాలో చూపించే గీత తెర మీద నిండుతూ పోతుంటే దాన్ని నింపాలనిపిస్తుంది, అంతే. కంపెనీలు ఆ గీతను ఎంతో ఆలోచించి పెట్టాయి.

ఈ లెక్క ఎప్పుడూ ఒకేలా వేయండి. మీకు కావలసినవి 340 రూపాయలు, డెలివరీ 40, 499కి కొంటే డెలివరీ ఫ్రీ అనుకోండి. ఇప్పుడు ఆపేస్తే 380. ఫ్రీ కోసం 499 దాకా వెళ్తే, 380 కన్నా 119 ఎక్కువ పెట్టారు. ఆ 119 మీకు మిగిలినట్టా, ఖర్చయినట్టా అన్నది మీరు వేసిన అదనపు వస్తువును బట్టి ఉంటుంది. వచ్చే నెల ఎలాగూ కొనే కందిపప్పు, బట్టల సబ్బు, టూత్‌పేస్ట్ లాంటివైతే వేయండి. అవి పాడు కావు, ఖర్చు కొన్నాళ్లు ముందు జరుగుతుందంతే. అలాంటివి కూడా యాప్‌లో ధర వీధి అంగడి కన్నా ఎక్కువ లేదని చూసుకున్నాకే. చిప్స్ ప్యాకెట్, ఎప్పుడూ వాడని కొత్త షాంపూ, ఫోన్ కవరు, ఇవి ఫ్రీ డెలివరీ కోసం వేయకండి. కార్ట్ కింద "ఇవి కూడా చూడండి" అని వరుసగా చూపించేవి ఎక్కువ భాగం ఇలాంటివే.

నేను చెప్పే పద్ధతి, కావలసినవి కాగితం మీద రాసుకున్నాకే యాప్ తెరవడం. ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక చీటీ అతికించి, అయిపోయినవి అయిపోయినట్టు రాస్తూ పోండి. చీటీ మీద తగినన్ని పోగైనప్పుడు ఒకేసారి తెప్పిస్తే ఆ 499 దానంతట అదే దాటుతుంది. రోజుకో ఆర్డర్ అలవాటున్న ఇంట్లో ఇదొక్కటి చేసినా తేడా వెంటనే తెలుస్తుంది.

కార్ట్‌లో ఇంకో చిక్కుంది. 499 అన్నది చాలా చోట్ల తగ్గింపులన్నీ పోయాక మిగిలిన మొత్తం మీద లెక్కిస్తారు. 520కి వస్తువులు వేసి, 50 రూపాయల కూపన్ కొడితే 470కి పడి డెలివరీ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. కొన్నిచోట్ల పాలు, నూనె లాంటి కొన్ని సరుకుల్ని ఆ లెక్కలోకి తీసుకోరు. కార్ట్‌లో వేర్వేరు అమ్మకందారుల వస్తువులుంటే ఒక్కొక్కరికీ విడిగా లెక్క పెట్టే చోట్లూ ఉన్నాయి. అందుకని కూపన్ పెట్టకముందు చివరి మొత్తం, పెట్టాక చివరి మొత్తం, రెండూ చూడండి. కూపన్ వాడితేనే ఎక్కువ కట్టాల్సిన సందర్భాలు నిజంగానే ఉంటాయి.

వేరే పేర్లతో వచ్చే డెలివరీ

పది నిమిషాల్లో సరుకులు తెచ్చే యాప్‌లలో బిల్లు కింద చిన్న బాణం గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితేనే వివరాలు తెరుచుకుంటాయి. ప్రతిసారీ నొక్కండి. ఉదాహరణకి ఒక బిల్లు ఇలా ఉంటుంది. సరుకులు 186 రూపాయలు. డెలివరీ 30 అని కొట్టేసి, సున్నా. హ్యాండ్లింగ్ 12. కార్ట్ చిన్నదని 20. వాన పడుతోందని 15. ఈ ఫీజుల మీద 18 శాతం జీఎస్టీ 8 రూపాయల 46 పైసలు. మొత్తం 241 రూపాయల 46 పైసలు. డెలివరీ సున్నా అన్నారు కానీ సరుకు ధర మీద దాదాపు 30 శాతం అదనంగా కట్టారు.

ఆ జీఎస్టీ సంగతి చాలామంది అడుగుతుంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇలాంటి యాప్‌ల ద్వారా జరిగే లోకల్ డెలివరీ ఛార్జీ మీద కూడా 18 శాతం పన్ను పడుతోంది. డెలివరీ అన్న గడి సున్నా అయితే ఆ గడికి పన్నూ సున్నానే, హ్యాండ్లింగ్‌కి మాత్రం ఉంటుంది. యాప్ వాడినందుకు తీసుకునే ప్లాట్‌ఫాం ఫీజు అన్నది ఫుడ్ యాప్‌లలో 2023లో 2 రూపాయలతో మొదలైంది. 2024 పండగల నాటికే 10కి చేరింది. రెండు రూపాయలే కదా అని అందరం ఊరుకున్నాం.

కర్ణాటకలో 2025లో గిగ్ కార్మికుల, అంటే డెలివరీ అబ్బాయిల్లా యాప్‌ల కోసం పనిచేసేవాళ్ల, సంక్షేమానికి ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం కంపెనీలు కార్మికుడికి ఇచ్చే ప్రతి చెల్లింపు మీద 1 నుంచి 5 శాతం దాకా సంక్షేమ నిధికి కట్టాలి. రేపు అది మన బిల్లులో ఒక గీతగా కనిపించినా నాకేమీ కోపం రాదు. వానలో సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్‌లో బండి తోలుకుంటూ వచ్చే పిల్లవాడికి చేరే డబ్బు అది. నా కోపమంతా పేరు మార్చి దాచే డబ్బు మీదే.

2020 ఈ-కామర్స్ నియమాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. అమ్మేవాళ్లు మొత్తం ధరను ఒక్క అంకెలో చూపించాలి. డెలివరీ, పోస్టేజీ, హ్యాండ్లింగ్, పన్ను, అన్నీ విడివిడిగా కూడా చూపించాలి. మనం ఒప్పుకున్నామని ముందే టిక్ పెట్టి ఉంచకూడదు. 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్ మార్గదర్శకాల్లో 13 రకాల మోసపు పద్ధతుల్ని పేరుపెట్టి నిషేధించారు. మన విషయానికి ముఖ్యమైనవి కొన్ని. ధరను ముక్కలుగా చివర్లో బయటపెట్టడం డ్రిప్ ప్రైసింగ్. అడక్కుండా ఇన్సూరెన్సో విరాళమో కార్ట్‌లో వేయడం బాస్కెట్ స్నీకింగ్. "ఇంకా 4 నిమిషాలే" అని లేని తొందర పుట్టించడం ఫాల్స్ అర్జెన్సీ. "వద్దు, నాకు డబ్బు ఆదా చేసుకోవడం ఇష్టం లేదు" అని బటన్ మీద రాసి మనల్ని చిన్నబుచ్చడం కన్ఫర్మ్ షేమింగ్. ఈ పేర్లు గుర్తుంచుకోండి, ఫిర్యాదులో పేరుతో సహా రాస్తే పని త్వరగా కదులుతుంది.

క్యాష్ ఆన్ డెలివరీకి అదనంగా తీసుకునే డబ్బు మీద కూడా ఇలాంటి ఫిర్యాదులే వచ్చి, 2025 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం విచారణ మొదలుపెట్టింది. పెద్దవాళ్లు ఎక్కువగా ఎంచుకునేది ఈ పద్ధతే. "ఫ్రీ డెలివరీ" అని చూసి ఆర్డర్ పెట్టి, చేతికి డబ్బు ఇచ్చేటప్పుడు 10, 20 ఎక్కువ ఉంటే డెలివరీ అబ్బాయితో గొడవ పడతారు. అతనికి దాంతో ఏ సంబంధమూ లేదు. మా పక్కింటి పిన్నికి నేను చెప్పేది ఇదే. "పిన్నీ, ఆర్డర్ నొక్కే ముందు ఆఖరి అంకె చీటీ మీద రాసుకోండి, అంతకు మించి అడిగితే నాకు ఫోన్ చేయండి."

హోటల్ భోజనం సంగతి వేరు. అక్కడ డెలివరీ ఖర్చు ఎక్కువగా వంటకం ధరలోనే ఉంటుంది. దర్శిని అనే చిన్న హోటల్లో నిలబడి తింటే 80 ఉన్న మసాలా దోసె యాప్‌లో 105 ఉందనుకోండి, రెండు దోసెలకు 50 డెలివరీ కట్టినట్టే. హోటల్ మెనూ ఫొటో ఫోన్‌లో పెట్టుకుని పోల్చండి. దగ్గర్లోని హోటల్‌కి నేరుగా ఫోన్ చేస్తే కొందరు ఇప్పటికీ మనిషితో పంపిస్తారు. వీధి చివరి కిరాణా అంగడి అయితే మరీ సులువు. మా దగ్గర అంగడాయన ఫోన్‌లో చీటీ చెప్తే సాయంత్రానికి సంచీ ఇంటికి పంపుతాడు, దానికి పచ్చ పట్టీ ఏమీ పెట్టుకోలేదు.

మెంబర్‌షిప్ తీసుకునే ముందు

మూడు నెలలకు 149 కట్టండి, డెలివరీ అంతా ఫ్రీ అంటారు. లెక్క తేలికే. ఒక్కో ఆర్డర్‌కి 30 మిగిలితే, అయిదు ఆర్డర్లు పెడితేనే కట్టిన డబ్బు తిరిగొస్తుంది. అయితే ఆ అయిదూ మెంబర్‌షిప్ లేకపోయినా మీరు పెట్టే ఆర్డర్లు అయి ఉండాలి. డబ్బు కట్టాం కదా, వాడుకోవాలి కదా అని పెట్టే ఆర్డర్లు లెక్కలోకి రావు, అవి ఖర్చు కిందే రాసుకోండి.

షరతుల్లో మూడు విషయాలు వెతకండి. కనీసం ఎంత కొనాలి, ఎన్ని కిలోమీటర్ల లోపల, వాన ఫీజు, రద్దీ ఫీజు మాఫీ అవుతాయా లేదా. దూరం సంగతి చిన్నది కాదు. రంగారెడ్డి జిల్లాలో ఒక మెంబర్ 2023లో భోజనం ఆర్డర్ పెడితే, 9.7 కిలోమీటర్ల దూరాన్ని యాప్ 14 కిలోమీటర్లుగా చూపించి 103 రూపాయలు డెలివరీ వసూలు చేసింది. ఆయన జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాడు. కమిషన్ ఆయన డబ్బు వెనక్కి ఇప్పించి, పరిహారం, ఖర్చులు ఇప్పించి, వినియోగదారుల సంక్షేమ నిధికి 25,000 కట్టమని కూడా చెప్పింది. 103 రూపాయల కోసం అంత దూరం వెళ్లిన ఆ మనిషి అంటే నాకు గౌరవం. గూగుల్ మ్యాప్స్‌లో దూరం చూసి స్క్రీన్‌షాట్ తీసుకోవడానికి అర నిమిషం పడుతుంది, మీరూ చేయండి.

చేరడం ఒక్క నొక్కుతో అవుతుంది, బయటికి రావడమే కష్టం. అమెరికాలో ఇదే ఆరోపణ మీద అమెజాన్ తన ప్రైమ్ మెంబర్‌షిప్ విషయంలో 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు అక్కడి ప్రభుత్వ సంస్థతో సెటిల్ చేసుకుంది. మన దగ్గర ఒక రక్షణ ఉంది. ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటలకు ముందు మనకు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంక్ నియమం. ఆ మెసేజ్‌ని ప్రకటన అనుకుని తీసేయకండి. "ఒక నెల ఉచితం, తర్వాత 99" అన్నది తీసుకుంటే, తీసుకున్న వెంటనే యూపీఐ యాప్‌లో ఆటోపే అన్న చోటికి వెళ్లి ఆ అనుమతి రద్దు చేయండి. ఉచిత గడువు అయిపోయే దాకా సాధారణంగా వాడుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్‌లో కూడా ఆ ఆటోపే జాబితా ఒకసారి తెరిచి చూడండి. వాళ్లకు తెలియకుండా నడుస్తున్నవి ఒకటో రెండో దొరకడం మామూలే.

ఫ్రిజ్, మంచం, వాషింగ్ మెషిన్

"ఫ్రీ డెలివరీ" అంటే చాలాసార్లు బిల్డింగ్ కింద దాకానే. బెంగళూరులో ముప్పై ఇరవై అడుగుల సైట్లలో కట్టిన ఇళ్లకు లిఫ్ట్ ఉండదు, మెట్లు ఇరుకు. మూడో అంతస్తుకి మంచం ఎక్కించడానికి అంతస్తుకింత అని అక్కడికక్కడ బేరం పెడతారు. కొనే ముందే అమ్మేవాళ్లకు చాట్‌లో రాసి అడగండి. ఎన్నో అంతస్తు దాకా తెస్తారు, లిఫ్ట్ లేకపోతే ఎంత, బిగించడానికి ఎంత, పైపులూ స్టాండూ లాంటి విడిభాగాలకు ఎంత, పాతది తీసుకెళ్తారా. ఫోన్‌లో చెప్పిన మాటకు ఆధారం ఉండదు, చాట్‌లోనే అడగండి.

ఊరి నుంచి పచ్చళ్లు, పొడులు

మన తెలుగువాళ్లకు ఇదొక ప్రత్యేకమైన ఖర్చు. ఆవకాయ, గోంగూర, గుంటూరు కారం, పూతరేకులు ఇన్‌స్టాగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో ఆర్డర్ పెడతాం. "ఆల్ ఇండియా ఫ్రీ షిప్పింగ్" అని ఉంటుంది. ఇంటి దగ్గర కష్టపడి చేసుకునే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లను తప్పుపట్టడం లేదు. కేజీ లెక్కకు మార్చి చూడండి అంటున్నాను, అంతే. అర కేజీ 450, షిప్పింగ్ ఫ్రీ అంటే కేజీ 900 పడింది. ఇంకొకరి దగ్గర కేజీ 640, షిప్పింగ్ 90 అంటే 730. సీసా తూకంతో కలిపి చెప్తున్నారా, లోపలి సరుకు తూకమేనా అని కూడా అడగండి.

ఊరిలో మనవాళ్లుంటే బస్సు పార్శిల్ ఇంకా నయం. ఏపీఎస్ఆర్టీసీ కార్గోలో వేయిస్తే సాధారణంగా మనమే వెళ్లి తెచ్చుకోవాలి, అయినా అయిదారు కేజీలు దాటితే ఆ తిరుగుడు గిట్టుబాటు అవుతుంది. సీసాల మూతలకు టేపు వేయించడం మర్చిపోవద్దు.

వెనక్కి ఇచ్చేటప్పుడు

కొనేటప్పుడే రిటర్న్ షరతు చదవండి. డెలివరీ ఫ్రీ, రిటర్న్ పికప్‌కి మాత్రం డబ్బు తీసుకునే చోట్లున్నాయి. రెండు కుర్తాలు కొని ఒకటి వెనక్కి ఇస్తే మిగిలింది ఫ్రీ పరిమితి కంటే తగ్గిందని డెలివరీ ఛార్జీ కోసుకుని రీఫండ్ ఇచ్చేవాళ్లూ ఉన్నారు. సైజు మీద అనుమానమున్న బట్టలు "ఫ్రీ కోసం" జత చేసి కొనకండి.

బహుమతి ఫ్రీ, డెలివరీ 49 మాత్రమే

ఇది వ్యాపారం కాదు, పచ్చి మోసం. మీరు వాచీ గెలిచారు, డెలివరీకి 49 కట్టండి అని లింక్ వస్తుంది. లేదా పోస్టాఫీసు పేరుతో, మీ అడ్రస్ సరిగా లేదు, పార్శిల్ ఆగిపోయింది, చిన్న మొత్తం కట్టండి అని మెసేజ్ వస్తుంది. వాళ్లకు కావలసింది ఆ 49 కాదు, మీ కార్డు వివరాలు. లింక్ నొక్కకండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఫిర్యాదు ఎలా పెట్టాలి

ముందు ఆధారాలు. ఫ్రీ డెలివరీ అని చూపించిన పేజీ, కార్ట్, బాణం నొక్కి తెరిచిన బిల్లు, డబ్బు కట్టిన మెసేజ్, నాలుగింటికీ స్క్రీన్‌షాట్ తీయండి. పేజీలు గంటల్లో మారిపోతాయి, కాబట్టి కట్టే ముందే తీయడం మంచిది. ఇన్‌వాయిస్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

తర్వాత ఆ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి. ఆ ఆఫీసర్ పేరు, వివరాలు యాప్‌లో ఉండాలన్నది నియమం, అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెల రోజుల్లో తేల్చాలి. కస్టమర్ కేర్ చాట్‌లో "సారీ" అని 20 రూపాయల కూపన్ ఇస్తే అక్కడితో ఆగకండి. ఆ కూపన్ వాడాలంటే మళ్లీ కొనాలి.

ఉత్తరం పొడుగ్గా అక్కర్లేదు. "ఫలానా తేదీన ఫలానా ఆర్డర్‌లో డెలివరీ ఉచితం అని చూపించి, చెకౌట్‌లో హ్యాండ్లింగ్ పేరుతో ఇంత, ఫలానా ఫీజు పేరుతో ఇంత వసూలు చేశారు. ఇది డ్రిప్ ప్రైసింగ్. నా డబ్బు నేను కట్టిన ఖాతాకే వెనక్కి పంపండి. స్క్రీన్‌షాట్లు జతచేశాను." ఇంత చాలు.

వాళ్లు కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులో మాట్లాడవచ్చు. వాట్సాప్‌లో అయితే 8800001915. ఇక్కడ డబ్బేమీ కట్టక్కర్లేదు. చిన్న మొత్తాలకు సంబంధించినవి చాలావరకు ఈ దశలోనే తేలతాయి, ఎందుకంటే ఫిర్యాదు నేరుగా కంపెనీలో ఆ పని చూసేవాళ్ల దగ్గరికి పోతుంది.

అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే కేసు వేయవచ్చు. అమ్మినవాళ్లు సూరత్‌లో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా, మీరు ఉండే ఊరిలో, అంటే బెంగళూరులోనే వేయవచ్చు. కొన్న విలువ 5 లక్షల లోపు ఉంటే కోర్టు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు.

పెద్దవాళ్ల తరఫున పెట్టేటప్పుడు 1915లో వాళ్ల ఫోన్ నంబరే ఇవ్వండి, ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి. ఫిర్యాదు నంబరు ఫ్రిజ్ మీది చీటీలో రాసిపెట్టుకోండి. "పరిష్కరించాం" అని మెసేజ్ వచ్చినా సరే, డబ్బు ఖాతాలో పడిందని పాస్‌బుక్‌లోనో యాప్‌లోనో చూశాకే ఆ నంబరు కొట్టేయండి. పడకపోతే అదే నంబరు చెప్పి మళ్లీ 1915కి ఫోన్ చేయండి.